ఈ రాత్రి ఆమె ఎక్కడ పడుకుంటుంది? విశాఖ పోలీసులకు ఒక బహిరంగ లేఖ

విశాఖపట్నం నగర పోలీస్ కమిషనర్ గారికి, నగరంలోని స్టేషన్ల అధికారులకు, 112 ఫోనుకు పరుగెత్తే సిబ్బందికి, వార్డు సచివాలయాల్లో పనిచేసే మహిళా పోలీసులకు

నమస్కారం.

నేను ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సుగా చేశాను. అందులో ఎక్కువ భాగం క్యాజువాలిటీలోనే గడిచింది. రిటైరైన తరువాత, భర్త చేతిలోనో కొడుకు చేతిలోనో దెబ్బలు తిన్న ఆడవాళ్లకు తోడుగా స్టేషన్లకు, కోర్టుకు వెళ్తున్నాను. మాకు సంఘం లేదు, బోర్డు లేదు. ఒంటరిగా వెళ్లడానికి జంకే మనిషి పక్కన మరో మనిషి కూర్చోవడమే మేము చేసే పని. ఏ ఒక్క స్టేషన్ మీదా ఫిర్యాదు చేయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నాది ఒకే ఒక్క అభ్యర్థన.

గృహహింస గురించి కబురు ఎలా వచ్చినా సరే, 112కు ఫోను వచ్చినా, ఆడవాళ్ల రక్షణకు పోలీసులు పెట్టిన శక్తి యాప్‌లో మీట నొక్కినా, ఆమె చెప్పులు కూడా లేకుండా స్టేషన్ మెట్లెక్కినా, ఆ పూట డ్యూటీలో ఉన్నవారు రెండు ప్రశ్నలు అడిగి జవాబులను స్టేషన్ రోజువారీ పుస్తకమైన జనరల్ డైరీలో రాయాలి. ఈ రాత్రి ఆమె ఎక్కడ పడుకుంటుంది? అతను ఎక్కడ ఉంటాడు? ఈ రెండింటికీ జవాబు రాయకుండా ఆ ఫిర్యాదు పరిష్కారమైందని ఎవరూ మూసివేయకూడదని మీరు ఒక ఉత్తర్వు ఇవ్వాలి.

ఇది చాలా చిన్న కోరికలా కనిపిస్తుందని తెలుసు. ఇప్పుడు జరుగుతున్నది చెబితే ఎందుకు అడుగుతున్నానో తెలుస్తుంది.

ఆమె వస్తుంది. స్టేషన్‌లో ఫిర్యాదులు రాసుకునే రైటర్ గారు కాగితం తీసుకుంటారు. భర్తకు ఫోను వెళుతుంది. సాయంత్రానికి అతను, అతని అన్న, పేటలోని పెద్దమనుషులు ఇద్దరు ముగ్గురు వస్తారు. ఎస్సై గారు అతణ్ని కోప్పడతారు. నిజంగానే కోప్పడతారు, అందులో నటన లేదు. అతను తల వంచుకుని నిలబడతాడు. ఇకమీదట కొట్టనని, తాగి ఇంటికి రానని తెల్లకాగితం మీద రాసి సంతకం పెడతాడు. కింద ఆమె చేత కూడా పెట్టిస్తారు. పిల్లల మొహం చూసి సర్దుకుపోమ్మా అని ఎవరో ఒకరు అంటారు. చాలాసార్లు ఆ మాట అనేది ఆమె కన్నతల్లే. తరువాత ఇద్దరూ ఒకే ఆటో ఎక్కి ఇంటికి పోతారు.

మీ రికార్డులో దీని పేరు కౌన్సెలింగ్. పదిమందిలో తల దించుకోవలసి వచ్చిన మనిషి, అందుకు కారణం ఆమేనని నమ్ముతున్న మనిషి, ఆ రాత్రి ఆమెతో ఒకే గదిలో ఉంటాడు. లోపలి నుంచి గడియ వేసే చేయి కూడా అతనిదే. స్టేషన్‌లో రాజీ కుదిరిన వారం తిరక్కముందే క్యాజువాలిటీలో తేలినవాళ్లను మేము చూశాం. ఎలా తగిలిందమ్మా అని అడిగితే బాత్రూంలో జారిపడ్డానని చెప్పేవారు. స్టేషన్‌కు వెళ్లకముందైతే నిజం చెప్పేవారేమో. వెళ్లొచ్చాక చెప్పరు. చెప్పుకోవలసిన చోటుకు వెళ్లడం అయిపోయింది కదా.

ఆ తెల్లకాగితాన్ని అతను మీరితే ఏమవుతుంది? ఇంకో తెల్లకాగితం వస్తుంది. అదే 2005 నాటి గృహహింస చట్టం కింద మెజిస్ట్రేట్ ఇచ్చిన రక్షణ ఉత్తర్వును మీరితే 31వ సెక్షన్ ప్రకారం ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వారెంటు లేకుండా అరెస్టు చేయగల, బెయిలు హక్కుగా దొరకని నేరం అది. ఉత్తర్వును అతను మీరాడని ఆమె ఒక్కదాని సాక్ష్యం మీదనే కోర్టు తేల్చవచ్చునని 32వ సెక్షన్ చెబుతోంది. ఇంత బలమైన కాగితం చట్టంలో ఉండగా, మన స్టేషన్లలో ఎక్కువగా చలామణీ అయ్యేది ఏ బలమూ లేని కాగితం.

ఆ బలమైన కాగితం దాకా ఆమెను చేర్చే మొదటి మెట్టు మీరే. చట్టంలోని 5వ సెక్షన్ ఆ సంగతి నేరుగా పోలీసు అధికారికే చెబుతోంది. రక్షణ ఉత్తర్వు కోరవచ్చునని, ఆమెకు సాయపడేందుకు ఈ చట్టం కింద నియమించిన రక్షణ అధికారి ఉంటారని, న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా వకీలు దొరుకుతారని, క్రిమినల్ కేసు కూడా వేరుగా పెట్టుకోవచ్చునని ఆమెకు తెలియజేయడం మీ విధి. నేను తోడు వెళ్లిన ఒక స్టేషన్‌లో ఈ సంగతి ఎత్తితే, అక్కడి హెడ్ కానిస్టేబుల్ గారు చాలా మర్యాదగా, అది స్త్రీ శిశు సంక్షేమ శాఖ వాళ్ల చట్టమమ్మా, మాది కాదు అన్నారు. చెడ్డ మనిషి కాదు. ఆమెకు మంచినీళ్లు ఇప్పించారు, ఫ్యాను తిప్పారు. చట్టం మాత్రం తనది కాదనుకున్నారు.

రాజీ చేయడం తప్పని నేను అనడం లేదు. కలిసి ఉండాలా విడిపోవాలా అన్నది ఆమె నిర్ణయం. చాలామంది కలిసే ఉండాలనుకుంటారు, దెబ్బలు ఆగితే చాలంటారు. దానికి కూడా చట్టంలో దారి ఉంది. 18వ సెక్షన్ కింద రక్షణ ఉత్తర్వు తీసుకుని అదే ఇంట్లో ఉండవచ్చు. కాపురం చేస్తూనే రక్షణ పొందవచ్చునన్న ముక్క ఆమెకు ఎవరూ చెప్పరు. అందువల్ల స్టేషన్‌లో ఆమె ముందు రెండే దారులు కనిపిస్తాయి. ఒకటి మొగుణ్ని జైలుకు పంపడం, రెండోది నోరు మూసుకోవడం. ఆమె రెండోదాన్ని ఎంచుకుంటే, చూశారా, ఆమే కేసు వద్దన్నది అంటారు.

అసలు స్టేషన్ దాకా వచ్చే ఆడది ఎన్ని గడపలు దాటి వస్తుందో ఒకసారి చూడండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏదో ఒక కారణం ఉంటే భర్త భార్యను కొట్టడం సమంజసమేనని మన రాష్ట్రంలో దాదాపు 84 శాతం మంది స్త్రీలు ఒప్పుకున్నారు. స్త్రీలే. అదే సర్వే ప్రకారం దేశం మొత్తంలో శారీరక లేదా లైంగిక హింసకు గురైనవారిలో ఎవరినైనా సాయం అడిగినవారు 14 శాతం మాత్రమే. ఆ కొద్దిమందిలోనూ ఎక్కువమంది అడిగేది పుట్టింటివాళ్లను, చుట్టాలను. తల్లి సర్దుకోమన్నా, అత్త నోరు నొక్కినా, ఇరుగుపొరుగు కిటికీ వేసుకున్నా, ఇంకా మిగిలిన కాస్త ధైర్యంతో ఆమె మీ దగ్గరికి వస్తుంది. అక్కడ కూడా తల్లి చెప్పిన మాటే వినిపిస్తే ఇక ఆమె ఎక్కడికి పోవాలి?

ఇక్కడ మీ వైపు నుంచి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, భర్త, అత్తింటివారి క్రూరత్వం మీద పెట్టే 498ఏ కేసుల్లో యాంత్రికంగా అరెస్టులు చేయవద్దని చెప్పింది. ఇప్పుడు ఆ సెక్షన్ భారతీయ న్యాయ సంహితలో 85గా మారినా ఆ తీర్పు నిలిచే ఉంది. అబద్ధపు కేసులు లేవని నేనూ అనను. అయితే ఆ తీర్పు అరెస్టు గురించి మాట్లాడింది. రక్షణ వద్దని ఎక్కడా అనలేదు. అరెస్టు చేయలేం కాబట్టి చేయగలిగింది ఏమీ లేదన్నట్టు రెండింటినీ ముడివేయడం వల్లనే ఆమె రాత్రి గాలిలో దీపమవుతోంది. అతణ్ని అరెస్టు చేయకుండానే ఆమెను హింసకు గురైన ఆడవాళ్లకోసం ప్రభుత్వం నడిపే సఖి కేంద్రానికి పంపవచ్చు, రక్షణ అధికారికి కబురు పెట్టవచ్చు, ఆసుపత్రికి తీసుకెళ్లవచ్చు, ఆ వీధిలో రాత్రి గస్తీ ఒక్కసారి ఎక్కువ తిప్పవచ్చు. వీటిలో ఏ ఒక్కదానివల్లా ఏ అమాయకుడూ జైలుకు పోడు.

నోటీసు సంగతి ఒకటి ఉంది. అరెస్టు బదులు, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక సురక్షా సంహిత 35(3) కింద అతనికి నోటీసు ఇస్తారు. తన మీద ఎఫ్ఐఆర్ అయిందని అతనికి చాలాసార్లు మొదట తెలిసేది అప్పుడే. ఆ నోటీసు ఇవ్వబోతున్నామని ఆమెకు ముందుగా ఒక్క ఫోను చేయండి. బెయిలు వచ్చినప్పుడు కూడా అంతే. అతను బయటికి వచ్చాడన్న సంగతి అతను గుమ్మంలో నిలబడినప్పుడు ఆమెకు తెలియకూడదు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు బాధితురాలికి తెలియజేయాలని ఆ సంహితే అంటోంది. 90 రోజులు దర్యాప్తుకు సరిపోతాయేమో. ప్రాణానికి ఆ సాయంత్రమే ముఖ్యం.

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన మాట. దీని కోసమే ఈ ఉత్తరం మొదలుపెట్టానంటే అతిశయోక్తి కాదు.

గొంతు నులిమాడని ఆమె చెప్పినప్పుడు దయచేసి ఆగండి. తక్కిన ఫిర్యాదంతా పక్కన పెట్టి ఆగండి. చెంపదెబ్బ, జుట్టు పట్టి లాగడం, పీక పట్టుకోవడం అని వరుసలో ఒకటిగా ఆమె చెప్పుకుపోతుంది. రాసేవారూ వరుసలో ఒకటిగా రాసుకుపోతారు. వైద్యం దృష్టిలో అవి ఒక వరుసలోవి కావు. మెడ మీద సరైన చోట ఒత్తిడి పడితే కొన్ని సెకన్లలోనే స్పృహ తప్పుతుంది, కొన్ని నిమిషాల్లో ప్రాణం పోతుంది. అప్పటికి బతికి బయటపడినా, లోపల రక్తనాళం చిరిగి ఉంటే గంటల తరువాత, ఒక్కోసారి రోజుల తరువాత పక్షవాతం రావచ్చు. పైకి మాత్రం ఏమీ కనిపించకపోవచ్చు. అమెరికాలోని శాన్ డియాగోలో 300 గొంతు నులిమిన కేసులను పరిశీలించి 2001లో ప్రచురించినప్పుడు, సగం కేసుల్లో మెడ మీద ఏ గుర్తూ లేదని తేలింది. అక్కడి పోలీసులు కూడా అప్పటిదాకా గుర్తులు లేవు కాబట్టి నేరం చిన్నదనే అనుకున్నారు.

గుర్తులు లేకపోతే ఏం అడగాలి? గొంతు బొంగురుపోయిందా, మింగుతుంటే నొప్పిగా ఉందా, కళ్లలో ఎర్రని చుక్కలున్నాయా, మధ్యలో కాసేపు ఏం జరిగిందో గుర్తు లేదా, ఆ సమయంలో తెలియకుండా మూత్రం పడిపోయిందా. చివరి ప్రశ్న మగ అధికారి అడిగితే ఆమె చెప్పదు. మహిళా కానిస్టేబుల్ విడిగా తీసుకెళ్లి అడగాలి. వీటిలో ఏ ఒక్కదానికి అవునన్నా ఆమెను ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి, కాగితం తరువాత. పోలీసు కేసు కోసం డాక్టరు రాసే ఎంఎల్‌సీలో గొంతు నులిమినట్టు చెప్పిందని స్పష్టంగా రాయించండి. మామూలు దెబ్బలని న్యాయ సంహిత 115(2) కింద రాస్తే మెజిస్ట్రేట్ అనుమతి లేనిదే దర్యాప్తే ఉండదు. పీక నొక్కడం మామూలు దెబ్బ కాదు. హత్యాయత్నం అవునా కాదా అని ఆలోచించవలసిన విషయం.

ఇంకో కారణం కూడా ఉంది. భార్యాభర్తల మధ్య హింస హత్య దాకా వెళ్లే ముందు ఏ గుర్తులు కనిపిస్తాయన్నదాన్ని మొట్టమొదట పట్టికగా కట్టింది ఒక నర్సే. పేరు జాక్వెలిన్ క్యాంప్‌బెల్, సంవత్సరం 1985. మా వృత్తి మనిషి కాబట్టి కాస్త గర్వంగానే చెబుతున్నాను. ఆమె బృందం 2008లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, ఇంతకు ముందు ఒకసారి గొంతు నులిమించుకున్న స్త్రీ ఆ మనిషి చేతిలోనే హత్యకు గురయ్యే అవకాశం, ఆ అనుభవం లేని హింసా బాధితురాలితో పోలిస్తే ఏడు రెట్లు ఎక్కువ. అంటే ఆ ఒక్క మాట జరిగిపోయిన నేరాన్ని చెబుతూనే జరగబోయేదాన్ని కూడా చెబుతోంది. అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో ఈ జ్ఞానాన్ని పోలీసుల చేతికిచ్చారు. ఘటనాస్థలంలోనే 11 ప్రశ్నలు అడుగుతారు. ఆయుధంతో బెదిరించాడా, చంపుతానన్నాడా, చంపుతాడని నీకు అనిపిస్తోందా అన్నవి మొదటి మూడు. ప్రమాదం ఎక్కువని తేలితే అక్కడి నుంచే సహాయ కేంద్రానికి ఫోను కలిపి ఆమె చేతికి ఇస్తారు. మనకు అవే ప్రశ్నలు అక్కరలేదు. మన ప్రశ్నలు మనకున్నాయి. కిరోసిన్, పెట్రోలు, గ్యాసు పేరెత్తి బెదిరించాడా? గర్భంతో ఉన్నప్పుడు కొట్టాడా? ఆమె పుట్టింటికి పోతానన్నాక బెదిరింపు పెరిగిందా? ఈ చివరిది చాలా ముఖ్యం. ఆడది విడిపోతానన్న క్షణం నుంచి ప్రమాదం తగ్గుతుందని లోకం అనుకుంటుంది. పెరుగుతుంది.

అలాగని మన చట్టంలో ఇదంతా లేదనుకోకండి. 2006 గృహహింస నిబంధనలకు జతచేసిన ఐదో ఫారం పేరే భద్రతా ప్రణాళిక. ఆమెకు ఏ ప్రమాదం ఉంది, ఆమె ఏం కోరుతోంది, దానికి ఏం చేయాలి అన్నవి అందులో గళ్లుగా ఉన్నాయి. అత్యవసరమైతే రక్షణ అధికారి పోలీసుల సాయం కోరాలని, పోలీసులు వెంట వెళ్లి ఘటన నివేదిక రాసి జాప్యం లేకుండా మెజిస్ట్రేట్ ముందు పెట్టాలని తొమ్మిదో నిబంధన చెబుతోంది. నింపిన ఐదో ఫారాన్ని చూసే భాగ్యం నాకు ఇప్పటిదాకా కలగలేదు.

మళ్లీ నా రెండు ప్రశ్నల దగ్గరికి వస్తాను. ఈ రాత్రి ఎక్కడ అని అడిగితే మన ఊళ్లో వచ్చే జవాబులు ఎలా ఉంటాయో వినండి. ఇక్కడ కాపురాలు చేసే చాలామంది ఆడవాళ్ల పుట్టిళ్లు శ్రీకాకుళం వైపో, పార్వతీపురం వైపో, ఒడిశాలోనో ఉంటాయి. రాత్రి పదింటికి గాజువాకలోనో మధురవాడలోనో ఇల్లు వదిలితే, పొద్దున్న మొదటి బస్సు దాకా ఆర్టీసీ కాంప్లెక్స్ బెంచీయే గతి. పిల్లల్ని సంచుల మధ్య పడుకోబెట్టి తాను మేలుకుని కూర్చునే తల్లులు అక్కడ ఉంటారు. మీ గస్తీ సిబ్బంది వాళ్లను చూసే ఉంటారు, ప్రయాణికులనుకుని ఉంటారు. సఖి కేంద్రంలో ఐదు రోజుల వరకు ఉండవచ్చు, తరువాత ఆడవాళ్ల ఆశ్రయ గృహం శక్తి సదన్ ఉంది. స్టేషన్ నుంచి అక్కడికి అర్ధరాత్రి ఆమెను ఎవరు, ఏ వాహనంలో తీసుకెళ్తారు? ప్రతి స్టేషన్‌కూ దీనికి ముందే తెలిసిన జవాబు ఉండాలి. అప్పటికప్పుడు వెతికేది కాకూడదు.

పుట్టింటికి చేరాక అక్కడి స్టేషన్‌లో, కాపురం విశాఖలో కదా, అక్కడికే పొమ్మంటారు. విశాఖ పుట్టిల్లయిన ఆడపడుచు వేరే జిల్లాలోని కాపురం నుంచి పారిపోయి వస్తే మన స్టేషన్లూ అదే మాట చెబుతాయి. తలదాచుకున్న చోటే కేసు పెట్టవచ్చునని 2019లో రూపాలీ దేవి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసే జీరో ఎఫ్ఐఆర్ ఇప్పుడు చట్టంలోనే ఉంది. ఇక చర్చ దేనికి?

చిన్నవిగా కనిపించే పనులు కొన్ని ఉన్నాయి, ఖర్చులేనివి. 112 సిబ్బంది గుమ్మం దగ్గర ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి ఏం జరిగిందమ్మా అని అడగవద్దు. ఆమెను వేరే గదిలో అడగండి. భాష రాకపోతే పిల్లవాడి చేత చెప్పించవద్దు. తండ్రి మీద సాక్ష్యం ఏడేళ్ల బిడ్డ నోటి నుంచి తీయడం ఏం న్యాయం? ఫిర్యాదు తరువాత ఆమెకు ఏ నంబరుకు, ఏ వేళలో ఫోను చేయాలో అడిగి రాసుకోండి. చాలా ఇళ్లలో ఫోను ఒకటే, అది అతని జేబులో ఉంటుంది. స్టేషన్ నుంచి మాట్లాడుతున్నామమ్మా అని మొదలుపెట్టిన ఫోను అతను ఎత్తితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఆధార్, రేషన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు, బీపీ మాత్రలు, ఉన్న కాస్త బంగారం తెచ్చుకోవడానికి ఆమె ఇంటికి వెళ్లవలసి వస్తే ఒక కానిస్టేబుల్‌ను తోడు పంపండి. అరగంట పని.

ఒకే ఇంటి నుంచి మూడోసారి ఫోను వస్తే, మొదటి రెండుసార్లు వెళ్లిన సిబ్బంది ఏం చూశారో మూడోసారి వెళ్లేవారికి తెలియాలి. ఇప్పుడు షిఫ్టు మారితే కథ మొదటికొస్తుంది. ప్రతిసారీ అదే మొదటి గొడవ.

పెద్దవయసు ఆడవాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. పింఛను 4,000 రూపాయలు ఒకటో తేదీన చేతికి వస్తుంది, ఆ సాయంత్రానికే కొడుకు చేతికి పోతుంది. ఇవ్వనంటే దెబ్బలు. గృహహింస చట్టం భార్యలకే అనుకుంటారు. తల్లికీ వర్తిస్తుంది. పింఛను ఇంటింటికీ ఇచ్చే సచివాలయం ఉద్యోగులే ఆ ముసలమ్మ చేతి మీది కమిలిన మచ్చను మొదట చూసేది. వాళ్లకూ మీ మహిళా పోలీసుకూ మధ్య ఒక్క గోడ కూడా అడ్డం లేదు.

ఇది ఆరిలోవ కొండవాలు ఇళ్ల రోగమని, జాలరిపేటల్లో వేట నిషేధపు రెండు నెలల తాగుడు గొడవ అని సర్దిపుచ్చుకునేవారు మీ శాఖలోనూ ఉన్నారు, మా వార్డుల్లోనూ ఉండేవారు. పేదింటి గోడ పల్చన, అరుపు వీధికి వినిపిస్తుంది. ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్‌లో వినిపించదు. ఉక్కు టౌన్‌షిప్ క్వార్టర్లో అయినా, నేవీ క్వార్టర్లో అయినా ఇల్లు భర్త ఉద్యోగానిది. నోరు విప్పితే నీడ పోతుందని ఆమె భయం. ఇల్లు ఎవరి పేరున ఉన్నా ఆమెకు అందులో నివసించే హక్కు ఉందని 17వ సెక్షన్ చెబుతున్న సంగతి ఆమెకు మీరైనా చెప్పాలి.

మీ పోలీసు క్వార్టర్లలో ఉండే ఆడవాళ్ల గురించి రాయకపోతే ఈ ఉత్తరం సగమే. తన భర్త పనిచేసే స్టేషన్‌కు, అతని బ్యాచ్‌మేట్ల దగ్గరికి ఆమె ఎలా వస్తుంది? అలాంటి ఫిర్యాదులు నేరుగా మీ కార్యాలయంలో ఒక మహిళా అధికారికే చేరే ఏర్పాటు చేసి, ఆ అధికారి పేరు, నంబరు క్వార్టర్ల నోటీసు బోర్డు మీద పెట్టించండి.

చివరగా ఒక ప్రతిపాదన. మెడ గాయాలను గుర్తించడం, ప్రమాదాన్ని అంచనా వేసే ప్రశ్నలు అడగడం మీ సిబ్బందికి నేర్పడానికి క్యాజువాలిటీల్లో పనిచేసి రిటైరైన నర్సులం కొంతమందిమి సిద్ధంగా ఉన్నాం. మొదట 112 సిబ్బందికి, తరువాత స్టేషన్ రైటర్లకు చెబితే బాగుంటుంది, ఎందుకంటే మొదటి వాక్యం రాసేది వాళ్లే. మాకు పారితోషికం వద్దు. ఒక గది, ఒక బోర్డు, పూట సమయం ఇప్పించండి. మీరు ఏ తేదీ చెప్పినా వస్తాం. ఆదివారమైనా ఫరవాలేదు, డ్యూటీ ఛార్టులు మాకు అలవాటే.

ఇట్లు,
క్యాజువాలిటీలో పనిచేసి రిటైరైన ఒక నర్సు,
విశాఖపట్నం